నీలం బిళ్ళ పుట్టిల్లు

కరోనా రెండో ఏడు ఎండాకాలంలో నాకు రోజూ సాయంత్రం ఒక వీడియో కాల్ వచ్చేది. వచ్చేది నా ఫోనుకే, కానీ నా కోసం కాదు. సూరత్ శివార్లలోని భేస్తాన్ నుంచి మా అక్క చేసేది. నేనెత్తగానే, "ఆఁ, ఎత్తినవా? అమ్మను చూపియ్యి" అనేది. నేను ఫోను తిప్పి, దేవుడి గూట్లో పసుపు గుడ్డ మీద పెట్టిన చిన్న నీలం వెండి బిళ్ళకు ఎదురుగా పట్టుకునేదాన్ని. ఇక అక్క ఆ బిళ్ళతో మాట్లాడుకునేది. మనవడికి పళ్లొస్తున్నాయట, ఒకటే ఏడుపట. సాంచాలు ఇంకా నడవడం లేదట, నేత పనికి పోయే మగవాళ్లంతా ఇంట్లో కూర్చుని ఆమె ప్రాణం తీస్తున్నారట. మోకాళ్లు గుంజుతున్నాయట. చెప్పుకోవాల్సిందంతా చెప్పుకుని, "ఇగ పెట్టేస్తున్న చెల్లె, పైలం" అని నాతో ఒక్క ముక్క అనేది. ఈలోగా నా చెయ్యి లాగేసి నేను అల్లాడిపోతే ఆమెకేం పట్టింది! నేనక్కడ ఫోను స్టాండుని.

అయినా ఆ ఫోను కోసం మధ్యాహ్నం నుంచే ఎదురుచూసేదాన్ని. సిగ్గెందుకు, ఆ రోజుల్లో నాతో మాట్లాడే మనిషి ఇంకెవరూ లేరు. నేనుండేది అదే ఊళ్లో ఇంకో మూల, అడాజన్‌లో, మూడో అంతస్తు ఫ్లాటులో. ఎండలు ముదరకముందే అమ్మ పోయింది. అంబులెన్సు వచ్చి తీసుకుపోయింది, తిరిగి ఎవరినీ తేలేదు. కార్పొరేషన్ వాళ్లు తలుపు మీద కరోనా ఇల్లని ఒక స్టిక్కరు అంటించి పోయారు. గడువు తీరాక నేనే గోళ్లతో గీకాను, సగం ఊడింది, సగం అలాగే ఉండిపోయింది. ఎదురింటి గుజరాతీ ఆమె మెట్లు దిగేటప్పుడు అవతలి గోడకు వీపు రాసుకుంటూ పోయేది. పాపం ఆమెనని ఏం లాభం, ఆమెకూ ఇంట్లో పిల్లలున్నారు. కానీ ఒళ్లు మండేది. ఇన్నేళ్లు మా అమ్మ చేసిన సకినాలు తిన్న మనిషి.

ఆ బిళ్ళ సంగతి చెప్పాలి. మా నాయనకు అమ్మ రెండో భార్య. మొదటి ఆమె తెలంగాణలో మా ఊళ్లోనే అక్కను కని, పచ్చి బాలింతగా ఉన్నప్పుడే పోయింది. నాయన పసిపిల్లను అత్తగారి చేతిలో పెట్టి, సాంచాల పనికి సూరత్ వచ్చేశాడు. తర్వాత మా అమ్మను చేసుకున్నాడు. మా ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. భార్య పోయినవాడు మళ్లీ పెళ్లి చేసుకుంటే, వచ్చినామె మెడలో పుస్తెలతో పాటు, పోయినామె పేరున ఒక వెండి బిళ్ళ కూడా కట్టాలి. దాని మీద ఆడమనిషి బొమ్మ ఉంటుంది. పండగకు కొత్త చీర ముందు దానికి చూపించి తర్వాత కట్టుకోవాలి. అన్నం ముద్ద ముందు దానికి చూపించి తర్వాత నోట్లో పెట్టుకోవాలి. కాదంటే పోయినామె ఊరుకోదని అందరికీ భయం.

మా అమ్మకు భయమేం లేదు. ఎన్నడూ చూడని ఆ మనిషిని "మా అక్క" అనేది, జాకెట్టు లోపలి నుంచి బిళ్ళను బయటికి తీసి ఇరుగుపొరుగు మీద చాడీలు కూడా చెప్పేది. అంటే ఒకే బిళ్ళ మా అమ్మకు అక్క, మా అక్కకు అమ్మ, నాకు పెద్దమ్మ. చిన్నప్పుడు నాకు ఇదేమీ వింతగా అనిపించలేదు. నాయన పోయినప్పుడు ముసలమ్మలు అమ్మ పుస్తెలు తీసి, ఆ చేత్తోనే బిళ్ళ కూడా తీయబోయారు. అమ్మ గుప్పిట బిగించింది. "ఆయన పోయిండని ఆయన కట్టినవి తీసుకున్నరు. మా అక్క ఏడికి పోయింది? అక్క నాతోనే ఉంటది" అంది. ఆ ఏడుపులో కూడా ఆ మాట విని ఒకరిద్దరు మూతి తిప్పుకున్నారు.

అక్కను ఊళ్లో వాళ్ల అమ్మమ్మ పెంచింది. పెళ్లయ్యాక సాంచాల మీద పనిచేసే మొగుడితో అక్కా సూరత్ వచ్చేసింది. వచ్చిన కొత్తలో ఆదివారం ఆదివారం మా ఇంటికి వచ్చేది. రాగానే అమ్మ పక్కన చేరి, "చిన్నమ్మా, జర వంగు" అనేది. అమ్మ వంగితే బిళ్ళ బయటికి వేలాడేది. అక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసేది, చెంపకు ఆనించుకునేది. వాళ్లమ్మకు ఫోటో లేదు మరి. ఆ కాలంలో ఆ ఊళ్లో ఫోటో ఎవరు దిగారు! అక్కకు తల్లి ముఖమంటే అదే. "మీ అమ్మ పోయినంక కంసాలి మనింట్ల కూసుండి, ముక్కెట్లుండె, గదుమ ఎట్లుండె అని ఒక్కొక్కటి అడిగి చేసిండు" అని వాళ్ల అమ్మమ్మ చెప్పేదట. అక్క ముక్కు అచ్చం బిళ్ళ మీది ముక్కేనని మా చుట్టాల్లో అందరూ అనేవారు. నేనూ అనేదాన్ని.

మామూలుగా ఇలాంటి బిళ్ళలు రేకు మీద అచ్చు గుద్దినట్టు మొరటుగా ఉంటాయి. మాది అలా కాదు. బొటనవేలి గోరంత, కోడిగుడ్డు ఆకారం. నీలం మీనా పూత, గాజు కరిగించి పోసినట్టు. అందులో కొంగు తల మీదికి కప్పుకుని, కళ్లు దించుకున్న ఆడమనిషి ముఖం, పక్క నుంచి చూసినట్టు. పసుపూ నూనే పట్టి పట్టి నీలం మసకబారింది, మెడవంపు దగ్గర నల్లబడింది. "మంచి పనోడు చేసిండు" అనేవాడు నాయన. అంతకుమించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇక్కడ నవ్వొచ్చే సంగతేమిటంటే, నా ఉద్యోగమే పాత వెండి ఎక్కడిదో చెప్పడం. సూరత్ పాత ఊళ్లో ఒక సేఠ్ దుకాణంలో లెక్కలు రాయడానికి చేరాను. సేఠ్‌కు చూపు తగ్గాక తన భూతద్దం నా చేతికిచ్చాడు. ఒకప్పుడు ఓడలు ఆగిన ఊరు కదా, ఇక్కడి పాత పార్సీ ఇళ్లలో, మెట్ల కింద పెట్టెల్లో, దేశదేశాల వెండి ఉంటుంది. మీనా పూసిన నశ్యం డబ్బీలు, చెంచాలు, దువ్వెన పిడులు. "ఇదెక్కడిది?" అని సేఠ్ అడిగితే, "దీని పుట్టిల్లు" అని మొదలుపెట్టేదాన్ని, ఆయన ముసిముసిగా నవ్వేవాడు. నడుస్తున్న సింహం గుద్ది ఉంటే ఇంగ్లండు. దాని పక్కన లంగరు కూడా ఉంటే అందులో ఒక ఊరు. సముద్రమే లేని ఊరికి లంగరు గుర్తేమిటో వాళ్లకే తెలియాలి. పెద్ద కిరీటం పెట్టుకున్న ఆడమనిషి తల, పక్కన ఎనభై నాలుగు అంకె ఉంటే రష్యా. నెలవంకా కిరీటమూ అయితే జర్మనీ. మన జైపూరు వాళ్లూ లక్నో వాళ్లూ చేసిన పాత మీనా మీద చాలావరకు ఏ గుర్తూ ఉండదు. అప్పుడు ఎరుపు ఎలాంటి ఎరుపో, పచ్చ ఎలాంటి పచ్చో చూడాలి, తిప్పి వెనకవైపు ఎంత శ్రద్ధగా చేశాడో చూడాలి. గుర్తు కనిపించగానే నమ్మేయడానికీ లేదు. అసలు గుర్తు ఉక్కు అచ్చుతో కొట్టింది, అంచులు కోసినట్టు ఉంటాయి. దొంగ గుర్తు పోతలో వచ్చింది, అరిగిన సబ్బులా ఉంటుంది.

ఇంత తెలిసినదాన్ని, నా కళ్లెదుట అమ్మ మెడలో వేలాడిన దాన్ని ఎందుకు చూడలేదంటే ఏం చెప్పను. చూస్తూనే ఉన్నాను. భూతద్దం పెట్టి చూడడం వేరు. అమ్మ మెడలో ఉన్నదాని పుట్టిల్లు ఎవరు వెతుకుతారు? అది అమ్మ మెడలో పుట్టిందనే అనుకుంటాం.

అంబులెన్సు ఎక్కేముందు అమ్మే దాన్ని తీసింది. ఆయాసంతో వేళ్లు వణుకుతుంటే ముడి రాలేదు, తల మీది నుంచే దారం తప్పించి నా చేతిలో పెట్టింది. "అక్క జాగ్రత్త" అంది. మా అక్కనా, బిళ్ళనా అని అడిగే టైము లేదు.

అమ్మ పోయాక అక్క ఫోన్లు మొదలయ్యాయి. అంతకుముందు మా ఇద్దరి మధ్యా రాకపోకలన్నీ అమ్మ మీదుగానే. పోట్లాట ఏమీ లేదు, ఉన్న వయసు తేడాకు, పెరిగిన ఇళ్ల తేడాకు ఏం మాట్లాడుకోవాలో తెలిసేది కాదు, అంతే. ఆమె ఇంట్లో రెండు గదుల్లో పదిమంది. నా ఇంట్లో మూడు గదుల్లో నేను. ఆ ఫోనులోంచి వచ్చే పిల్లల అరుపులూ, కుక్కరు కూతా, ఎవరో ఎవరినో కసరడం, అదంతా నాకు కావాలి. ఫోను పెట్టేశాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే ఫ్రిజ్ మోతకు కూడా ఉలిక్కిపడేదాన్ని.

ఒకరోజు అక్క బిళ్ళతో మాట్లాడడం ఆపి నన్ను పిలిచింది.

"ఏమే, నీ నౌకరే గది గద. ఏ సామాను ఏడిదో చెప్పుడు. మా అమ్మను ఎవ్వలు చేసిండ్రో జర చూసి చెప్పరాదే."

"ఇప్పుడెందుకక్కా?"

"చిన్నమ్మ ఉన్నన్ని రోజులు అడగలే. ఆమె మెళ్ళకెల్లి తీయమంటే ఏమనుకుంటదో అని. ఆ చేసినోళ్ళ ఇల్లు దొరికితే అచ్చు దొరుకుతది గద. నా బిడ్డలకు ఒక్కొక్కటి గొట్టిస్త. మల్ల ఆ ఇంట్ల ముసలోళ్ళు ఎవ్వలన్న ఉంటే, మా అమ్మను చూసినోళ్ళు ఉంటే, అడుగుత."

"ఏమడుగుతవ్?"

"ఎట్ల నడిచేది, ఎట్ల నవ్వేది... గవ్వే. ఇంకేం అడుగుతరే!" అని విసుక్కుంది.

మర్నాడు ఉదయం బాల్కనీలో వెలుతురుకు కూర్చున్నాను. పసుపుతో, నూనెతో కొయ్యలా బిగుసుకుపోయిన నల్లదారాన్ని తీయడానికే చాలాసేపు పట్టింది. కుంకుడుకాయ నీళ్లలో మెత్తటి బ్రష్షు ముంచి మెల్లగా రుద్దాను. మీనాను చింతపండు పెట్టి తోమకూడదు, అమ్మ పండగపండగకూ తోమేది, చెబితే వినేది కాదు. మురికి పోతున్నకొద్దీ కింది నుంచి నీలం బయటపడింది. అలాంటి నీలం మన మీనాలో నేను చూడలేదు. రంగు లోపలికి వెలుతురు దిగుతోంది. దాని అడుగున, వెండి మీద, ముఖం వెనక నుంచి అన్ని వైపులకూ విచ్చుకున్న సన్న సన్న గీతలున్నాయి. చేత్తో గీసినవి కావు, యంత్రంతో చెక్కినవి.

పైన వేలాడదీసే కొండీ లావుగా, మొరటుగా ఉంది. అది ఇక్కడే సూరత్‌లో ఎవరో అతికించింది, టంకం కారిన గుర్తు కనిపిస్తూనే ఉంది. దాని కింద ఇరుక్కుని అసలు కొండీ ఉంది, సన్నగా. భూతద్దం దగ్గరికి తెచ్చాను. ముందు గీత పడిందనుకున్నాను. తిప్పితే చెవి కనిపించింది, తర్వాత మూతి, కోర. అడవిపంది తల. ఆవగింజలో సగం కూడా లేదు, కానీ అంచులు కోసినట్టు ఉన్నాయి. పక్కన పేకముక్క డైమండు ఆకారంలో గడి, అందులో అరిగిన రెండు అక్షరాలు, చేసినవాడివి. ఫ్రాన్సులో వెండికి కొట్టే గుర్తు అది, అనుమానమే లేదు. పారిస్. నాయన పుట్టకముందుది కూడా కావచ్చు.

ఉన్నమాట చెప్పాలి కదా, మొట్టమొదట నాకు సంతోషమేసింది. "ఆహా" అని పైకే అన్నాను. అలాంటి గుర్తు అంత శుభ్రంగా దొరకడం అరుదు. ఆ తర్వాతే బిళ్ళను తిప్పి ముఖం చూశాను. తల వెనక విచ్చుకున్న గీతలు వెలుగు. కొంగు అనుకున్నది ముసుగు. అంచున చుక్కలనుకున్నవి నక్షత్రాలు. ఇలాంటివి దుకాణానికి వస్తూనే ఉంటాయి. ఫ్రాన్సులో పిల్లల మెడలో వేసే మరియమ్మ బిళ్ళ అది. ఏసు తల్లి.

మా అమ్మ బతికినన్నాళ్లూ మరియమ్మకు ముద్ద చూపించి అన్నం తింది. ఆమెకు పక్కింటి వాళ్ల మీద చాడీలు చెప్పింది. నవ్వొచ్చింది నాకు, ఒంటరిగా బాల్కనీలో పిచ్చిదానిలా నవ్వాను. నాయన ఏం చేసి ఉంటాడో కళ్లకు కట్టినట్టు కనిపించింది. పెళ్లి దగ్గరికొచ్చింది, బిళ్ళ కావాలి, ఊరు దూరం. తాపీ నది ఒడ్డున పాతసామాన్ల సంత ఉంటుంది కదా, అక్కడ తిరిగుంటాడు. కొంగు కప్పుకుంది, కళ్లు దించుకుంది, పద్ధతిగా ఉంది, సరిపోయింది. చర్చి గడప తొక్కిన మనిషి కాడు, ఆయనకేం తెలుసు. కావాలనే మోసం చేశాడని నేను అనుకోను. కానీ మా ఇంట్లో ఆమె ముఖం చూసిన మనిషి ఆయనొక్కడే కదా. ఇది ఆమె కాదని ఆయనకైతే తెలుసు.

నవ్వు అక్కడ ఆగిపోయింది. సాయంత్రం అక్క ఫోను చేస్తుంది.

చేసింది. "దొరికిందా?" అంది. "దారం ఇంకా ఊడలేదక్కా" అన్నాను. మర్నాడు అడిగితే కళ్లు నొప్పులన్నాను. ఇంకోరోజు భూతద్దం దుకాణంలో ఉండిపోయిందన్నాను. చెబితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఈ ఫోను ఆమె తల్లి కోసం వస్తోంది. తల్లి కాదని తెలిసిన రోజు, ఒక దొరసాని బొమ్మతో మాట్లాడడానికి ఎవరు ఫోను చేస్తారు? ఫోను ఆగిపోతే నాకు మిగిలేది సగం ఊడిన స్టిక్కరూ, ఫ్రిజ్ మోతా. అదొక్కటే భయం నాకు, దాచుకోవడం దేనికి. రోజూ శుభ్రమైన నీలం బిళ్ళను ఫోనుకు ఎదురుగా పట్టుకుని నిలబడ్డాను. "అబ్బ, అమ్మ ఎంత మంచిగ మెరుస్తాందే!" అని అక్క మురిసిపోయింది.

అలా ఎన్నాళ్లయినా నడిపేదాన్నేమో. కానీ అక్క ఊరుకునే రకం కాదు. ఒకరోజు ఫోనెత్తగానే బిళ్ళ మాటే ఎత్తలేదు.

"చెల్లె, మన ఊరి కంసాలోళ్ళు దొరికిండ్రే! ఆ ముసలాయన మనవడు కరీంనగర్‌ల ఉన్నడట, మా మరిది ఫోన్ నంబర్ తెచ్చిండు. మాట్లాడిన. తాత అచ్చులన్ని ఒక పెట్టెల ఉన్నయట, వచ్చి ఎతుక్కొమ్మన్నడు. రైలుకు టికెటు చేపిస్తున్న."

"రైలా? ఇప్పుడా? మోకాళ్లతోనా?"

"ఏమైతదే? రెండు మాస్కులు పెట్టుకుంట. మా అమ్మ నడకను చూసినోళ్ళున్నరేమో ఊళ్లె, వాళ్ళు గూడ పోతే ఇగ ఎవ్వలుంటరు?"

ముఖం వెలిగిపోతోంది. ఆ ముఖాన్ని అలా నేనెప్పుడూ చూడలేదు. ఊళ్ల నుంచి రోజూ ఎవరో ఒకరు పోయిన కబురు వస్తున్న రోజులవి. అరవై దాటిన మనిషి, షుగరు, ఆ రైలు పెట్టెలో ఒక రాత్రీ ఒక పగలూ. లేని అచ్చు కోసం. అమ్మను తీసుకుపోయిన అంబులెన్సు తలుపు మూసుకోవడం గుర్తొచ్చింది. ఫోను పోతే పోనీ అనుకున్నాను.

"అక్కా, ఊరికి పోకు. అచ్చు అక్కడ లేదు. ఆ బిళ్ళ మనోళ్ళు చేసింది కాదు."

"మరి ఏడిదే? హైదరాబాదుదా?"

"కాదు. ఫ్రాన్సుది. కొండీ మీద గుర్తున్నది, అడవిపంది తల. ఆ దేశంల వెండికి అదే గుర్తు."

"గదేడుంటది?"

"సముద్రం దాటినంక."

అక్క పకపకా నవ్వింది. "నాయిన సాంచల దుమ్ము దాటి ఏడికి పోలే, సముద్రం దాటి తెచ్చిండా!"

"ఆయన పోలేదక్కా, అదే వచ్చింది. ఎప్పుడో ఎవరో తెచ్చుకున్నరు. నాయిన పాతసామాన్ల సంతల కొన్నట్టున్నడు."

"కొన్నడా? మరి మా అమ్మ బొమ్మ ఆ దేశంల ఎట్ల చేసిండ్రే?"

ఇంతవరకు వచ్చాక ఇంకేం దాచను. "అక్కా, ఆమె మీ అమ్మ కాదు. మరియమ్మ. చర్చిల ఉంటది చూడు, ఏసు తల్లి. వాళ్ళు మెళ్ళ ఏసుకునే బిళ్ళ అది."

వెనకాల మనవడు ఏడుస్తున్నాడు. ఎవరో ఎత్తుకుని పక్కకు తీసుకుపోయినట్టున్నారు, ఏడుపు దూరమైంది. అక్క ఫోనులోకే చూస్తోంది, కానీ నన్ను కాదు. చెయ్యి ముఖం మీదికి పోయింది.

"అందరు నా ముక్కు గట్లనే ఉన్నదంటరు గదనే," అంది మెల్లగా. "మరి నా ముక్కెవ్వలిదే?"

"అక్కా" అన్నాను. ఫోను కట్టయింది.

మర్నాడు సాయంత్రం ఫోను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేను చేస్తే రింగవుతుంది, ఎత్తదు. అక్క కొడుక్కి చేస్తే, "మమ్మీ సోయీ హై, మాసీ" అన్నాడు, పడుకుందట, కానీ వెనక ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది. టికెటు మాత్రం రద్దు చేయించిందట, ఆ ఒక్క కబురూ వాడే చెప్పాడు. పోనీలే, బతికి ఉంటుంది, నాతో మాట్లాడకపోతే ఏం అని గట్టిగానే చెప్పుకున్నాను నాకు నేను. చెప్పుకుంటే సరిపోతుందా? సాయంత్రం అయ్యేసరికి చెయ్యి దానంతట అదే ఫోను మీదికి పోయేది. గూట్లో బిళ్ళ తళతళలాడుతూ ఉండేది. దాన్ని చూస్తే కోపమొచ్చేది. ఎవరమ్మా నువ్వు, ఏ దేశం నుంచి వచ్చి మా ఇంట్లో కూర్చున్నావు, ఉన్న ఒక్క మనిషినీ దూరం చేశావు అని ఒకరోజు తిట్టాను కూడా. తిట్టాక లెంపలేసుకున్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది. వంట తగ్గించేశాను. ఒక్కదానికి ఏం వండుకోను, పొద్దున ఖిచిడీ పెడితే అదే రెండుపూటలా. మాట్లాడక మాట్లాడక గొంతు బొంగురుపోయింది, పాలవాడితో ఒక ప్యాకెట్టని "ఏక్ థైలీ" అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఒక మిట్టమధ్యాహ్నం ఫోను మోగింది. అక్క. వీడియో కాదు, మామూలు కాల్.

"కిందికి రా."

"ఎక్కడికి?"

"మీ గేటు కాడ నిలబడ్డ. ఈ వాచ్‌మన్ లోపలికి రానిస్తలేడు. జల్ది రా, కాళ్ళు కాల్తున్నయ్."

బిళ్ళ కోసం వచ్చిందనుకున్నాను. తీసుకుపోయి తాపీలో కలిపేస్తుందేమో, కలపనీ. పసుపు గుడ్డలో చుట్టి గుప్పిట్లో పట్టుకున్నాను. మాస్కు పెట్టుకుని మెట్లు దిగాను. సొసైటీలోకి బయటివాళ్లను రానివ్వకూడదని రూలు, గేటుకు తాళం. ఊచలకు అవతల అక్క నిలబడి ఉంది, నెత్తి మీద కొంగు, మూతికి మాస్కు, రోడ్డు పక్కన ఆటో. భేస్తాన్ నుంచి ఇంత దూరం. ముఖంలో కనిపించేవి కళ్లే, అవి కూడా వాచిపోయి ఉన్నాయి.

నేను ఊచల సందులోంచి గుడ్డ మూట చాచాను. "తీసుకో అక్కా."

"ఏందది? బిళ్ళనా? నాకెందుకే?" చెయ్యి వెనక్కి తీసుకుంది. "అది చిన్నమ్మ మెళ్ళ ఉన్నది, చిన్నమ్మదే. ఎవ్వలైతే ఏంది, ఆమె అంత ప్రేమగ చూసుకున్నది. నువ్వే ఉంచుకో."

"నా మీద కోపమొచ్చిందా?"

"నీ మీద ఎందుకొస్తది? నాయిన మీదొచ్చింది, మస్తొచ్చింది. అమ్మమ్మ మీదొచ్చింది, కంసాలి కూసున్నడట, ముక్కెట్లుండె అని అడిగిండట, అంత కథనే చెప్పింది నాకు. కోపం తీర్చుకుందామంటే ఒక్కలన్న బతికిలేరు. పండుకుని ఏడ్చిన. ఇంట్ల అందరు ఏమైందే ఏమైందే అంటరు, ఏం చెప్పాలె? అమ్మ పోయిందని చెప్పాల్నా? ఎప్పుడో పోయింది గద."

వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి, దూరం నిలబడమని నాకు సైగ చేశాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"మరి ఈ ఎండల ఎందుకొచ్చినవక్కా?"

"నిన్ను చూద్దామనొచ్చిన. జర ఆ మాస్కు తియ్యి."

"వాచ్‌మన్ ఊకోడు."

"ఊకోకుంటే ఏం జేస్తడు, జైల్ల పెడ్తడా? తియ్యే. మా అమ్మ మొకం ఎట్లుండెనో ఇగ నాకు తెల్వది. అది అయిపోయింది. చిన్నమ్మ మొకం ఆఖరుకు దవాఖానోళ్ళు చూపియ్యనే లేదు. ఇన్ని రోజులు ఫోన్ పట్టుకుని ఆ బిళ్ళనే చూసిన గని, దాన్ని పట్టుకున్నదాన్ని ఒక్కనాడు చూడలే. నీ మొకమన్న చూస్త, తియ్యి."

తీశాను. అమ్మ పోయినప్పటి నుంచి నా ముఖం పూర్తిగా చూసిన మనిషి లేరు. నోటిని ఎలా పెట్టుకోవాలో తెలియలేదు, నవ్వాలో ఏం చెయ్యాలో. కళ్లలోంచి నీళ్లు వాటంతట అవే కారిపోయాయి. "బహెన్, మాస్క్!" అని వాచ్‌మన్ అరుస్తున్నాడు. అక్క అతని వైపు తిరిగి కూడా చూడలేదు. రెండు చేతులతో ఊచలు పట్టుకుని, నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"గింత బక్కగైనవేందే," అంది.